గాలివాటున కొట్టుకుపోకుండా దిగినచోటికే తిరిగి రావడం: వింగ్ ఫాయిలింగ్‌లో అప్‌విండ్

వింగ్ ఫాయిలింగ్ అంటే గాలి నింపిన వింగ్ చేత్తో పట్టుకుని, అడుగున ఫాయిల్ అనే నీటి రెక్కలు బిగించిన బోర్డు మీద నీళ్లకు పైగా తేలుతూ పోయే ఆట. ఇది నేర్చుకునేవాళ్లకు ఫాయిల్ మీద లేవడమే పెద్ద గండంలా కనిపిస్తుంది. లేచాక తెలుస్తుంది అసలు గండం వెనకాల ఉందని. బోర్డు నీళ్లు వదిలి పైకి లేస్తుంది, అలల చప్పుడు ఆగిపోతుంది, ఓ నాలుగు పరుగులు హాయిగా తీస్తారు. తలతిప్పి చూస్తే దిగినచోటు కిలోమీటరు అవతల ఉంటుంది. ఇక బోర్డు చంకలో, వింగ్ చేతిలో పెట్టుకుని తడి సూట్‌తో రోడ్డు పట్టడమే. శాన్‌ఫ్రాన్సిస్కో బే (అఖాతం) ఒడ్డున, అలమీడాలో క్రౌన్ బీచ్ పక్కన షోర్‌లైన్ డ్రైవ్ మీద వేసవి సాయంత్రాలు ఇలా నడిచొచ్చేవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు.

మా పిన్నికొడుకు ఈ మధ్యే ఆ నడిచేవాళ్లలో చేరాడు. "అక్కా, లేస్తున్నా, వంద మీటర్లు పోతున్నా, కానీ వెనక్కి రాలేకపోతున్నా. చుట్టుపక్కల వాళ్లంతా పైకి పైకి పోతుంటే నేనొక్కడినే కిందికి పోతున్నా" అని ఫోన్. వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఒకచోట రాస్తే మరో పదిమందికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఫాయిల్ మీద లేచి, కనీసం ఒక నిమిషం నిలబడగలిగేవాళ్ల కోసం ఇది. అంతదాకా రానివాళ్లు ముందు అది చూసుకోండి. లేవకుండా అప్‌విండ్ గురించి, అంటే గాలి వచ్చే దిక్కుకు పోవడం గురించి, బెంగపడటం దండగ.

నదికి ఉన్నట్టే గాలికీ ఎగువ, దిగువ అంటాను. గాలి ఎటునుంచి వస్తోందో అది ఎగువ, ఎటు పోతోందో అది దిగువ. సరిగ్గా గాలి ముఖంలోకి ఏ తెరచాపా పోలేదు. గాలికి అటో 45 డిగ్రీలు, ఇటో 45 డిగ్రీలు మనకు మూసేసిన దారి. దాని అంచులు పట్టుకుని ఓసారి కుడికి, ఓసారి ఎడమకు వంకర్లు కొడుతూ ఎగువకు చేరాలి. అనుభవం ఉన్నవాళ్లు ఆ అంచుకు చాలా దగ్గరగా పోతారు. కొత్తవాళ్లకు అంత అక్కర్లేదు. ఎందుకో లెక్క చూపిస్తాను.

ముందు లెక్క

ఫాయిల్ మీద కొత్తవాళ్ల వేగం సుమారు 10 నాట్స్ అనుకుందాం. అంటే సెకనుకు 5 మీటర్లు, నిమిషానికి 300 మీటర్లు. గాలికి అడ్డంగా పోయే దారికన్నా 10 డిగ్రీలు మాత్రమే ఎగువకు పట్టి ఒక నిమిషం పోతే దాదాపు 50 మీటర్లు ఎగువకు చేరినట్టు. 20 డిగ్రీలు పడితే 100 మీటర్లు. 30 పడితే 150.

ఇప్పుడు పోగొట్టుకునేది చూడండి. పడ్డారు. ఊపిరి పీల్చుకుని, బోర్డు తిప్పుకుని, ఎక్కి, వింగ్ తిరగేసి, మోకాళ్ల మీదికి వచ్చి, నిలబడేసరికి నిమిషంన్నర. అంతసేపూ గాలి మిమ్మల్ని దిగువకు నెడుతూనే ఉంటుంది. సెకనుకు అరమీటరు చొప్పున వేసుకున్నా 45 మీటర్లు పోయాయి. మళ్లీ లేవాలంటే వేగం కావాలి, వేగం కోసం అందరూ బోర్డును కాస్త దిగువకు తిప్పుతారు, అక్కడ ఇంకో 30, 40 మీటర్లు. మొత్తం మీద ఒక్క పడటం ఖరీదు సుమారు 80 మీటర్లు.

నిమిషానికోసారి పడేవాళ్లు 10 డిగ్రీలతో పోతే ప్రతి పరుగుకీ 30 మీటర్లు వెనకపడతారు. సరే, కోణం పెంచుదామని 20 డిగ్రీలకు పోయారనుకోండి, పరుగుకి 20 మీటర్లు మిగులుతాయి. అదే 10 డిగ్రీల దగ్గరే ఉండి, పడకుండా రెండు నిమిషాలు పోగలిగితే? అప్పుడూ మిగిలేది ఆ 20 మీటర్లే. అంటే కోణం రెట్టింపు చేయడం, పరుగు రెట్టింపు చేయడం ఒకే ఫలితం ఇస్తాయి. కానీ కొత్తవాళ్లు కోణం కోసం ఆశపడి గాలి ముఖంలోకి దూరితే వేగం చచ్చి పడిపోతారు. పరుగు పొడిగించడం మీద మనసు పెడితే పడటం తగ్గుతుంది. అందుకే నేను వాడితో మొదట అన్నమాట ఇది: "ఒరేయ్, కోణం సంగతి తర్వాత. ఎన్నిసార్లు నీళ్లలో కూర్చుంటున్నావో చూడు." కింద చెప్పబోయే మెలకువలన్నీ ఈ లెక్క మనసులో పెట్టుకుని చదవండి.

ఒడ్డునే సగం గెలుపు

వింగ్ కాస్త పెద్దదే తీసుకోండి. 75 కిలోల మనిషికి 15 నుంచి 20 నాట్స్ గాలిలో 5 చదరపు మీటర్ల వింగ్ సరిపోతుంది. గాలి 12, 14 దగ్గర ఊగిసలాడుతుంటే 6. చాలీచాలని వింగ్‌తో లేవడమే కనాకష్టంగా ఉంటే ఎగువకు పట్టడానికి మిగులు బలం ఎక్కడిది? చేతులు కొంచెం లాగుతున్నాయనిపించే సైజే అప్‌విండ్ నేర్చుకోవడానికి మంచిది. మరీ ఎక్కువైతే ఎలాగూ మీ భుజాలే చెబుతాయి.

బోర్డు మీ బరువుకన్నా 30, 40 లీటర్లు ఎక్కువ ఉండాలి. 75 కిలోలకు 105 నుంచి 115 లీటర్లు. అంగడివాళ్లు "త్వరగా దాటేస్తారు, చిన్నదే తీసుకోండి" అంటారు. వినకండి. పడ్డాక ఎంత త్వరగా లేస్తారన్నది బోర్డు తేలడం మీద ఆధారపడి ఉంది, పైన చూశాం కదా ఆ నిమిషంన్నర ఖరీదు. ఫాయిల్ ముందు రెక్క (నీళ్లలో ఉండేది) 1500 నుంచి 1900 చదరపు సెంటీమీటర్ల మధ్య, మరీ సన్నగా పొడుగ్గా లేనిది. సన్నటి రెక్కలు ఎగువకు బాగా పోతాయన్నది నిజమే, కానీ అవి వేగం ఉన్నప్పుడే పనిచేస్తాయి, తక్కువ వేగంలో చెప్పకుండా వదిలేస్తాయి.

వింగ్‌లో గాలి పూర్తిగా కొట్టండి. ఎంత కొట్టాలో వాల్వ్ పక్కనే రాసి ఉంటుంది. సగం దగ్గర చేతులు నొప్పెట్టి ఆపేసేవాళ్లే ఎక్కువ. లీడింగ్ ఎడ్జ్, అంటే వింగ్ ముందంచు గాలిగొట్టం, మెత్తగా ఉంటే గాలి విసురుకు వంగుతుంది, వంగిన వింగ్ ముందుకు లాగడం మానేసి పక్కకు లాగుతుంది. ఇంకో సంగతి, ఎండలో వేడెక్కిన ఇసుక మీద గట్టిగా ఉన్న వింగ్ చల్లటి బే నీళ్లలోకి దిగి పది నిమిషాలయ్యాక మెత్తబడుతుంది. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. వేలితో మీటితే ఇసుక మీద డోలులా మోగింది, నీళ్లలో బొదబొదలాడితే ఒడ్డుకొచ్చి ఇంకో నాలుగు పంపులు కొట్టండి.

మాస్ట్‌ను, అంటే బోర్డునూ ఫాయిల్‌నూ కలిపే స్తంభాన్ని, బోర్డు కింద పట్టాలో ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. పరుగులో ముందు కాలి తొడ మండుతోందంటే ఫాయిల్ ఎక్కువ లేపుతోందని అర్థం, దాన్ని ఒక సెంటీమీటరు వెనక్కి జరపండి. వెనక కాలితో తొక్కితొక్కి అలసిపోతున్నారంటే ముందుకు జరపండి. ఒక్కసారి ఒక్క సెంటీమీటరే. తొడ మండుతుంటే రెండు నిమిషాల పరుగు ఎవరి తరమూ కాదు.

వింగ్ లీష్ (వింగ్ చేజారిపోకుండా ఒంటికి కట్టే తాడు) మణికట్టుకు కన్నా నడుముకు కట్టుకుంటే చేతులు మార్చేటప్పుడు చిక్కుపడదు. తలకు హెల్మెట్, ఒంటికి దెబ్బ తగలకుండా కాపాడే ఇంపాక్ట్ వెస్ట్ తప్పనిసరి. బేలో నీళ్లు వేసవిలో కూడా చల్లగానే ఉంటాయి, 4/3 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్ వేసుకోండి. చలికి బిగుసుకున్న వేళ్లతో ఏ మెలకువా పనిచేయదు. వాటర్‌ప్రూఫ్ సంచిలో ఫోన్, కారు తాళం ఒంటిమీదే పెట్టుకోండి. ఎక్కడ తేలతారో ఇంకా మీ చేతుల్లో లేదు కదా.

చోటు, గాలి, ఆటుపోట్లు

మా బే గాలి సంగతి చెబుతాను, మీ చోటికి మీరు అన్వయించుకోండి. వేసవిలో లోపలి సెంట్రల్ వ్యాలీ ఎండకు కాగిపోతుంది, పసిఫిక్ నీళ్లు చల్లగా ఉంటాయి. వ్యాలీలో వేడిగాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రపు గాలి, బే సముద్రంలో కలిసే గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. అందుకే ఇక్కడ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు రోజూ మధ్యాహ్నం పడమటి గాలి లేస్తుంది, సాయంత్రానికి ముదురుతుంది, పొద్దు వాలేసరికి ఉన్నట్టుండి చచ్చిపోయే రోజులూ ఉంటాయి. అప్‌విండ్ నేర్చుకునేవాళ్లు ఆఫీసయ్యాక ఆరింటికి వచ్చి దిగువకు రెండు పరుగులు తీసి గాలి పోయాక నడిచొచ్చే బదులు, శనివారం రెండింటికల్లా నీళ్లలో ఉండటం మేలు.

క్రౌన్ బీచ్ రెండున్నర మైళ్ల పొడుగున వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగుతుంది, నైరుతి వైపు చూస్తుంది. గాలి పడమటి నుంచి, కొన్నిసార్లు కాస్త ఉత్తరం కలిసిన పడమటి నుంచి వస్తుంది. అంటే ఒడ్డు వెంబడి వీస్తూ కొంచెం ఒడ్డుకే నెడుతుంది. కొత్తవాళ్లకు ఇంతకన్నా దయగల గాలి ఉండదు. ఎంత పోగొట్టుకున్నా ఒడ్డుకే చేరతారు. దిగువన ఆగ్నేయపు చివర ఎల్సీ రోమర్ పక్షుల స్థలం ఉంది, అది పక్షులదీ బురదదీ, అక్కడిదాకా కొట్టుకుపోకుండా ముందే ఒడ్డెక్కండి.

లోతు తక్కువ కావడం ఈ బీచ్‌కి వరమూ శాపమూ. పడితే నడుము లోతులో నిలబడి సర్దుకోవచ్చు. కానీ ఆటు బాగా తీసినప్పుడు చాలా దూరం మోకాలి లోతే ఉంటుంది. మాస్ట్ 75 సెంటీమీటర్లు, దాని కింద ఫాయిల్. అది అడుగున ఇసుకను కొరికిందంటే బోర్డు ఆగిపోతుంది, మీరు ఆగరు. టైడ్ టేబుల్ చూసి నీళ్లు నిండుగా ఉన్న గంటలు ఎంచుకోండి.

ప్రవాహం కూడా లెక్కలోకి వస్తుంది. ఆటు తీస్తున్నప్పుడు దక్షిణ బే నీళ్లు గోల్డెన్ గేట్ వైపు, అంటే మనకు ఎగువకు పోతాయి. పోటు ఎక్కుతున్నప్పుడు దిగువకు. ఒడ్డు దగ్గర ఇది స్వల్పం, లోపలికి పోయేకొద్దీ తెలుస్తుంది. నిండు పోటు దాటి అప్పుడప్పుడే ఆటు మొదలయ్యే సమయం దొరికితే లోతుకు లోతు, ప్రవాహానికి ప్రవాహం. ఆ రోజు మీ కోణం అమాంతం పెరిగిపోయినట్టు కనిపిస్తే కాస్త అనుమానించండి, అందులో నీళ్ల వాటా ఉంది.

దిగే ముందు ఒడ్డునే ఎగువకు ఓ పది నిమిషాలు నడవండి. ఇది చిన్నతనంగా భావించేవాళ్లను చూశాను. చివర్లో ఓపిక లేనప్పుడు బోర్డు మోస్తూ నడవడం కన్నా మొదట్లో ఒళ్లు వేడెక్కడానికి నడవడం నయం కదా. మరీ వాయవ్యపు చివరిదాకా, క్రాబ్ కోవ్ లోపలికి మాత్రం వద్దు, అది సముద్రజీవుల రక్షిత స్థలం.

ఇసుక మీద ఐదు నిమిషాలు

నీళ్లలోకి దిగకముందు వింగ్ ఒక్కటే పట్టుకుని ఇసుక మీద గాలికి అడ్డంగా నిలబడండి. వెనక చేయి వదులు చేస్తే లీడింగ్ ఎడ్జ్‌కి ఆనుకుని ఉన్న గుడ్డ పటపటమని కొట్టుకుంటుంది. వెనక చేయి కొంచెం కొంచెంగా దగ్గరకు లాగండి. ఓచోట ఆ పటపట ఆగుతుంది, వింగ్ ముందుకు లాగడం మొదలుపెడుతుంది. అక్కడ ఆగండి. అదే మీకు కావలసిన చోటు. ఇంకా లాగితే ఏమవుతుందో కూడా చూడండి. చేతుల్లో బరువు పెరుగుతుంది, కానీ ఆ బరువు మిమ్మల్ని ముందుకు తీసుకెళ్లదు, పక్కకు తోస్తుంది. కొత్తవాళ్లు నీళ్లలో చేసేది నూటికి తొంభై పాళ్లు ఇదే. లాగుడు ఎక్కువైతే బలం ఎక్కువైందనుకుంటారు. అది ఉట్టి భారం.

మావాడిని ఇలా నిలబెట్టి కళ్లు మూసుకోమన్నాను. "చప్పుడు విను, ఆగగానే చెప్పు." మూడోసారికి చెయ్యి తనంతట తానే సరైనచోట ఆగింది. నీళ్లలో వింగ్ వైపు చూడకూడదు, చూపుకు వేరే పని ఉంది, అందుకే ఈ పని చెవికి అప్పగించాలి.

అలాగే ఆ పటపట ఆగినచోటే వింగ్ పట్టుకుని గాలికి ఎగువగా పది అడుగులు నడవండి. ముందు చేయి చాచి కంటి ఎత్తులో, వెనక చేయి మోచేయి మడిచి పొట్ట దగ్గర. వింగ్ వెనక కొన ఇసుకకు జానెడు ఎత్తులో ఉండాలి, తగలకూడదు. నీళ్ల మీద ఉండాల్సిన భంగిమ ఇదే.

నీళ్ల మీద

లేచేటప్పుడు అప్‌విండ్ ఆలోచన మానేయండి. బోర్డును గాలికి అడ్డంగా, ఇంకాస్త దిగువకే పెట్టి, వేగం తెచ్చుకుని లేవండి. లేవగానే ఎగువకు తిప్పడం అందరూ చేసే పని, వెంటనే కూలబడటం దాని ఫలితం. లేచాక ఓ నాలుగైదు ఊపిరుల సేపు గాలికి అడ్డంగానే పోండి. వేగం స్థిరపడనివ్వండి.

వేగం పెరిగేకొద్దీ ఒక విచిత్రం జరుగుతుంది. పక్కనుంచి వస్తున్న గాలి ముందునుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. బైకు మీద పోతున్నప్పుడు పక్కగాలి కూడా ముఖానికే కొట్టినట్టుంటుంది చూడండి, అదే. వింగ్‌కు తగిలేది ఆ కలిసిన గాలే. కాబట్టి లేచినప్పుడు సరిగ్గా ఉన్న వెనక చేయి, వేగం అందుకున్నాక వదులైనట్టు అవుతుంది, పటపట మళ్లీ మొదలవుతుంది. అప్పుడు చప్పుడు ఆగేంతవరకు వెనక చేయి దగ్గరకు తెచ్చుకోండి. మీరు ఎగువకు పట్టడానికి సిద్ధమయ్యారనడానికి గుర్తు ఇదే.

ఇప్పుడు చూపు. బోర్డు ముక్కు వైపు చూడటం మానండి. పోవాల్సిన దారికన్నా ఇంకా ఎగువన ఏదో ఒక కదలని వస్తువును పట్టుకోండి. క్రౌన్ బీచ్‌లో గాలి ఇంచుమించు శాన్‌ఫ్రాన్సిస్కో మేడల మీంచి వస్తుంది. బయటికి పోయేటప్పుడు నేను చూసేది ఆ మేడలకు ఎడమన ఉండే శాన్ బ్రూనో కొండను. తిరిగి వచ్చేటప్పుడు బీచ్ వాయవ్యపు చివర చెట్లను. తల అటు తిరిగితే ముందు భుజం విచ్చుకుంటుంది, భుజం వెంట నడుము, నడుము వెంట మడమలు. తల తిప్పకుండా మడమలతో బోర్డును బలవంతంగా తిప్పాలని చూసేవాళ్లు ఒక్క మీటరు కూడా సంపాదించరు.

మడమల మీద బరువు కొంచెం పెంచండి. బోర్డు గాలి వైపు అంచు కొద్దిగా వాలుతుంది. వాలిందంటే కింద ఫాయిల్ లేపే బలం కూడా ఎగువ వైపు మొగ్గుతుంది, మిమ్మల్ని ఎగువకు లాగేది అదే. ఎంత వాలాలి? పైనుంచి చూసేవాళ్లకు వాలినట్టు తెలియనంత. అంతకు మించితే బోర్డు గాలి ముఖంలోకి తిరిగిపోతుంది.

ఒళ్లంతా గాలి వైపు వాల్చి, చేతులు చాచి, వింగ్‌కు వేలాడండి. మోచేతులు మడిచి కండబలంతో లాగితే రెండు నిమిషాల్లో ముంజేతులు రాళ్లవుతాయి. ముందు చేయి చాచే ఉంచి మొత్తం వింగ్‌ను ఒక బెత్తెడు వెనక్కి జరిపితే బోర్డు ముక్కు దానంతటదే ఎగువకు తిరుగుతుంది. ముందుకు జరిపితే దిగువకు. కాళ్లు చేసే పనిలో సగం వింగ్‌తోనే చేయించవచ్చు, కొత్తవాళ్లకు ఇది ఆలస్యంగా తెలుస్తుంది.

ఎత్తు మాస్ట్‌లో సగం దగ్గర ఉంచండి. మరీ పైకి పోతే, బోర్డు వాలినప్పుడు ఫాయిల్ కొన నీళ్లు దాటి గాలి పీలుస్తుంది, ఉన్నపళాన కూలుతుంది. మరీ కిందుంటే అలలు బోర్డు అడుగున కొట్టి వేగం తినేస్తాయి. అలమీడాలో మధ్యాహ్నం అలలు పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉంటాయి, సగం మాస్ట్ సరిగ్గా సరిపోతుంది.

ఎగువకు పడుతున్నప్పుడు వేగం తగ్గుతోందని ఎలా తెలుస్తుంది? కంటికి తెలియదు. వెనక కాలికి తెలుస్తుంది. వేగం తగ్గితే ఫాయిల్ లేపే బలం తగ్గుతుంది, బోర్డు దిగకుండా ఉండాలని మీకు తెలియకుండానే వెనక కాలు తొక్కడం మొదలుపెడతారు. వెనక కాలి మీద బరువు పెరుగుతోందని అనిపించిన మరుక్షణం ముక్కును ఐదు డిగ్రీలు దిగువకు వదిలేయండి. వేగం తిరిగి వస్తుంది, ముందు కాలు మళ్లీ బరువెక్కుతుంది, అప్పుడు మళ్లీ ఎగువకు. ఇలా ఎక్కుతూ, వదులుతూ పోవాలి. మీ గీత తిన్నగా రాదు, రానక్కర్లేదు. ఐదు డిగ్రీలు వదిలితే పోయేది మూడు నాలుగు మీటర్లు, మొండిగా పట్టుకుని పడితే పోయేది 80.

గాలి విసురు వచ్చినప్పుడు ఎగువకు పట్టండి, సడలినప్పుడు వదలండి. నీటి మీద నల్లగా ముడతలు పడుతూ మీ వైపు వచ్చే మచ్చే ఆ విసురు. చూపు ఎలాగూ ఎగువనే ఉంది కాబట్టి అది రెండు మూడు సెకన్ల ముందే కనిపిస్తుంది. కొత్తవాళ్లు విసురు తగలగానే భయపడి వెనక చేయి వదిలేస్తారు. వదలకుండా మడమల మీద ఇంకాస్త వాలి ఎగువకు తిప్పితే అదనపు బలమంతా మీటర్లుగా మారుతుంది.

కాళ్ల తిరకాసు

క్రౌన్ బీచ్‌లో ఎవరూ ముందుగా చెప్పని సంగతొకటి ఉంది. బయటికి పోయేటప్పుడు గాలి మీ కుడి నుంచి వస్తుంది. మడమలు గాలి వైపు ఉండాలంటే కుడి కాలు ముందుండాలి. తిరిగి వచ్చేటప్పుడు ఎడమ కాలు. మనలో చాలామందికి ఎడమ కాలు ముందుండటమే అలవాటు, అంటే మొదటి పరుగే అలవాటు లేని కాళ్లతో. మావాడు అదేంటో తెలియక బయటికి పోయే పరుగుల్లో దిగువకు, వచ్చే పరుగుల్లో ఎగువకు పోతూ, మొత్తం మీద దిగువకే చేరేవాడు.

కాళ్లు మార్చకుండా ఒక దిక్కున మునివేళ్ల వైపు వాలి పోవచ్చు. కానీ ఛాతీ ఒకవైపు, నడుము ఒకవైపు మెలితిరిగిన ఆ భంగిమలో ఎగువకు పట్టడం తొలి నెలల్లో దాదాపు కుదరదు. నా మాట వింటే మొదటినుంచీ రెండు కాళ్లతోనూ లేవడం నేర్చుకోండి. ఎలాగూ పరుగు చివర నీళ్లలోకి దిగి లేచే దశలోనే ఉన్నారు, లేచేటప్పుడే రెండో కాలు ముందు పెట్టండి. రెండు మూడు వారాంతాలు చెత్తగా ఉంటుంది. తర్వాత రెండు దిక్కులూ ఒకేలా వస్తాయి.

పరుగు చివర

ఇక్కడే సంపాదించిందంతా పోతుంది. గాలికి వీపు చూపిస్తూ దిగువ వైపు తిరిగే జైబ్, కొత్తగా నేర్చినప్పుడు 30, 40 మీటర్ల వెడల్పున ఉంటుంది. అందులో పడితే పైన చెప్పిన 80 అదనం. కాబట్టి జైబ్ నేర్చుకునే రోజు వేరు, అప్‌విండ్ నేర్చుకునే రోజు వేరు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఏదీ రాదు.

అప్‌విండ్ రోజున పరుగు చివర ఇలా చేయండి. గాలి బాగా ఉన్నప్పుడే, మీకు ఓపిక ఉన్నప్పుడే, ముందు కాలు నొక్కి బోర్డును నెమ్మదిగా నీటి మీదికి దించండి. దిగేలోపే ఎగువకు వీలైనంత తిప్పేయండి, ఆ మిగులు వేగంతో ఎగువకు మరో నాలుగు మీటర్లు వస్తాయి. మోకాళ్ల మీదికి దిగండి. వింగ్ తల మీద ఎత్తి పట్టుకుని, మోకాళ్లతోనే బోర్డు ముక్కును గాలి ముఖంలోంచి అవతలికి తిప్పండి, చేతులు మార్చండి, లేవండి. నీళ్లలోకి దొర్లకుండా ఇది చేయగలిగితే నిమిషంన్నర పని పాతిక సెకన్లకు తగ్గుతుంది. చూసేవాళ్లకు అందంగా ఉండదు. ఎగువన మిమ్మల్ని చూసి ఎవరూ మార్కులు వేయరు.

అలసిపోయేదాకా ఒకే పరుగు సాగదీయకండి. అలసినవాడు తనకు నచ్చినచోట దిగడు, పడ్డచోట పడతాడు.

గాలి సరిపోనప్పుడు

ఫాయిల్ మీద లేవడానికి చాలినంత గాలి లేకపోయినా ఎగువకు పోవచ్చు. మాస్ట్ నీళ్లలో పడవ కింది పలకలా పక్కకు జారకుండా పట్టుకుంటుంది. మోకాళ్ల మీద బోర్డు నడిమధ్య కూర్చోండి. ముక్కు మునగకూడదు, వెనకభాగం ఈడవకూడదు. వింగ్ ఎత్తుగా, పటపట ఆగిన చోటే పట్టుకుని గాలికి అడ్డం కన్నా కాస్త ఎగువకు గురిపెట్టండి. నడకకన్నా నెమ్మదిగా ఉంటుంది, కానీ కొట్టుకుపోరు. గాలి పడిపోయే సాయంత్రాల్లో నన్ను ఒడ్డుకు చేర్చింది ఎక్కువగా ఈ మోకాళ్ల ప్రయాణమే. గాలి బొత్తిగా లేకపోతే బోర్డు మీద బోర్లా పడుకుని, వింగ్‌ను తిరగేసి లీష్‌తో వెనక లాగుతూ చేతులతో తెడ్డు వేయండి. దీన్ని ఒక మంచి గాలిరోజున ఒడ్డు దగ్గరే సాధన చేసి పెట్టుకోండి.

ఎగువకు పోతున్నామా లేదా

నీళ్ల మీద ఉన్నప్పుడు మన అంచనా పనికిరాదు, చాలా ఎగువకు పోతున్నట్టే అనిపిస్తుంది. ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకోండి. షోర్‌లైన్ డ్రైవ్ మీద ఒక దీపస్తంభం, దాని వెనకాల ఏదో అపార్ట్‌మెంట్ మూల. బయటికి పోయి వచ్చాక ఒడ్డుకు అంతే దూరంలో నిలబడి చూడండి. ఆ స్తంభం మూలకు ఏ పక్కకు జరిగిందో దాన్నిబట్టి తేలిపోతుంది. చేతికి జీపీఎస్ వాచీ ఉంటే ఇంటికెళ్లాక గీత చూడండి. ఎక్కడెక్కడ గీత ముద్దగా చుట్టుకుని దిగువకు జారిందో అవే మీరు నీళ్లలో గడిపిన నిమిషాలు. కోణం చూడకండి, ఆ ముద్దలు లెక్కపెట్టండి. పోయిన వారం కన్నా తగ్గాయా అన్నదే ప్రశ్న.

మావాడు తన మ్యాప్ పంపినప్పుడు పరుగు గీతలు బాగానే ఉన్నాయి, 15 డిగ్రీల దాకా పడుతున్నాడు. ప్రతి గీత చివరా ఇంత లావు ముద్ద. "అక్కా, కోణం ఇంకా పెంచాలా?" అన్నాడు. వద్దు, ముద్దలు కరిగించు, మోకాళ్ల మీద తిప్పడం ఒక్కటే నాలుగు వారాలు చెయ్యి అన్నాను. ప్రస్తుతం దిగినచోటికి వంద గజాల లోపలే తేలుతున్నాడు. పక్కనే కాఫీ కొట్టు ఉందట, ఆ వంద గజాలు పెద్దగా బాధపెట్టడం లేదట.

ఇండియా నుంచి అడిగేవాళ్లకు ఒక మాట. రామేశ్వరం దగ్గర కైట్ సర్ఫింగ్ నేర్పేచోట్లు ఉన్నాయి, నీళ్లు లోతు తక్కువగా, అలలు లేకుండా ఉంటాయి. పై లెక్కంతా అక్కడా వర్తిస్తుంది. గాలి ఒడ్డునుంచి సముద్రం వైపు వీచే చోట మాత్రం అప్‌విండ్ వచ్చేదాకా దిగకండి, అక్కడ దిగువన ఒడ్డు ఉండదు.

అదే కారణంతో మా బేలో కూడా క్రిసీ ఫీల్డ్‌కు తొందరపడకండి. గోల్డెన్ గేట్ వంతెన పక్కన ఫాయిల్ చేయాలని అందరికీ ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. అక్కడ ఆటు 4 నాట్స్ పైగా సముద్రంలోకి లాగుతుంది, గాలి పోతే మీరు ఆ నీళ్ల వెంట వంతెన కిందుగా బయటికే. క్రౌన్ బీచ్‌లో వరసగా మూడు నాలుగు వారాలు, మంచి గాలిలోనూ చాలీచాలని గాలిలోనూ, నడవకుండా కారు దగ్గరకే తిరిగి రాగలిగితే అప్పుడు పోండి. పోయినా పోటు ఎక్కే గంటల్లో, తెలిసినవాళ్లు ఒకరు పక్కన ఉండగా.